కోడలి ఉద్యోగం

రెయిన్‌డీర్లు ఇక్కడ లేవని గైడ్ చెప్పగానే గిరిజ కొడుకు వైపు చూసింది. ధీరజ్ హెల్మెట్ పట్టీ సరిచేసుకునే నెపంతో తల దించుకున్నాడు.

"రెయిన్‌డీర్ ఫారం అని చెప్పినవ్ కదరా! ఫోన్ల బొమ్మ గూడ చూపిచ్చినవ్."

"వెబ్‌సైట్ల అట్లనే ఉండె అమ్మా. ఇవి గూడ డీరే కదా."

గైడ్ పేరు జెస్. పాతికేళ్లు కూడా నిండని పొడుగాటి అమ్మాయి. తల్లీకొడుకుల మాటలు అర్థం కాకపోయినా సంగతి పోల్చుకుని నవ్వింది. ఇవి రెడ్ డీర్ అనీ, ఈ దేశంలో గొర్రెలను పెంచినట్టే వీటినీ మందలుగా పెంచుతారనీ గిరిజకు అందేలా నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పింది. పైన కొండ మీద నలభై దాకా ఉన్నాయట. వారం నుంచి మంచు దట్టంగా పడుతోంది కాబట్టి జీపులు ఎక్కవు, స్నోమొబైల్ మీదే పోవాలి.

"వీటిని పెంచి ఏం చేస్తారు?" అని గిరిజ కూడా ఇంగ్లీషులోనే అడిగింది.

"కొమ్ములకి, ఇంకా వెనిసన్‌కి..."

"కొమ్ములు మందులల్ల వాడుతరు అత్తమ్మా," అని కోడలు ప్రణీత మధ్యలోనే అందుకుంది. "కొరియాకు పంపుతరు. మీరు గ్లోవ్స్ వేస్కోండి, చేతులు తిమ్మిరెక్కుతయి."

వెనిసన్ అంటే ఏమిటో గిరిజకు తెలియదు. ఏదో ఊరి పేరు కాబోలు అనుకుని ఊరుకుంది.

గిరిజ జగిత్యాల దగ్గర ముప్పై ఏళ్లు లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైంది. భర్త పోయి ఆరేళ్లు. భూమికి దక్షిణ కొసన, మనకు వానాకాలమైతే నడి చలికాలంగా ఉండే ఇన్వర్‌కార్గిల్‌కు, కొడుకూ కోడలి దగ్గరికి, మూడు నెలల కోసం వచ్చి నెలన్నర అయింది. ఆ ఊళ్లో చలి తప్ప ఏమీ కనపడటం లేదని ఆమె నాలుగు రోజులు గొణిగితే, ధీరజ్ ఈ ట్రిప్ బుక్ చేశాడు. మొదట ప్రణీత రానంది. డ్యూటీ ఉంది, మీరిద్దరు పోయి రండి అంది. గిరిజే పట్టుబట్టింది. "నువ్వు రాకుంటే నేను గూడ పోను" అని కూర్చుంది. శనివారం పొద్దున ఇంకా చీకటి ఉండగానే బయల్దేరి, మూడు గంటలు కారులో వచ్చి, ఈ కొండ కిందికి చేరారు.

గిరిజకు కోడలంటే ఇష్టమే. ఆ ఇష్టం వెంటనే రాలేదు. ధీరజ్, ప్రణీత ఈ దేశంలోనే పామర్‌స్టన్ నార్త్‌లో పై చదువులు చదివేటప్పుడు ఒకరినొకరు మెచ్చుకున్నారు. ప్రణీతవాళ్లది సిద్దిపేట. మాంసం లేనిదే ఆదివారం గడవని ఇల్లు. గిరిజ ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. కేకు తినాలన్నా గుడ్డు వేశారా అని అడిగి తెలుసుకుని తింటుంది. పెళ్లి మాటలప్పుడు గిరిజ ఒక్కటే అడిగింది: "మా ఇంటికొచ్చినంక ముక్క ముట్టొద్దు. ఉంటవా?" ప్రణీత ఒక్క క్షణం ఆలోచించి ఉంటానంది. నాలుగేళ్లుగా మాట నిలబెట్టుకుంది కూడా. ఇల్లంతా వెతికినా మాంసం వాసన లేదని గిరిజకు ఈ నెలన్నరలో నమ్మకం కుదిరింది. పశువుల డాక్టరు కోర్సు చదివిన పిల్ల ఇక్కడ ఫుడ్ సేఫ్టీ ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తోందని ధీరజ్ చెప్పినప్పుడు చదువు వృథా అయిందే అని కొంచెం బాధపడింది గానీ, గవర్నమెంటు జీతమని సర్దుకుంది.

జెస్ వాళ్లకు మందపాటి సూట్లు, బూట్లు ఇచ్చింది. గిరిజ సూటు మీద మెడ చుట్టూ తన మెరూన్ రంగు శాలువ కూడా చుట్టుకుంది. బండి చూస్తే చక్రాల్లేని స్కూటర్‌లా ఉంది. ముందు రెండు పలకలు, వెనక వెడల్పాటి రబ్బరు పట్టా. జెస్ వెనక గిరిజ ఎక్కింది. రెండో బండి ధీరజ్ నడిపాడు, వెనక ప్రణీత.

మొదటి ఎత్తు ఎక్కేటప్పుడు గిరిజ గట్టిగా కళ్లు మూసుకుని జెస్ నడుము పట్టుకుంది. కళ్లు తెరిచేసరికి చుట్టూ ఏమీ లేదు. నేల లేదు, చెట్టు లేదు, దారి లేదు. ఎటు చూసినా తెలుపు. ఆ తెలుపులోంచి అక్కడక్కడ ఎండుగడ్డి కొసలు, నల్లటి బండలు. ఎండ పడితే కళ్లు చిట్లించాల్సి వస్తోంది. సగం దూరం పోయాక జెస్ బండి ఆపి ఇంజిను కట్టేసింది. అప్పుడు గిరిజకు చెవులు పోయాయా అనిపించింది. అంత నిశ్శబ్దం ఆమె ఎప్పుడూ వినలేదు.

"భయమైతుందా అమ్మా?" అని ధీరజ్ అరిచాడు.

"భయమెందుకు? ఇంకా జోరుగ పొమ్మను," అంది గిరిజ. ప్రణీత నవ్వింది. ఆ పొద్దుటి నుంచి కోడలు నవ్వడం అదే మొదటిసారని గిరిజ గమనించింది.

పైకి చేరాక ఒక రేకుల గుడిసె, పక్కన గడ్డిమోపుల షెడ్డు, వాటి వెనక మనిషెత్తును మించిన తీగకంచె. కంచె లోపల దుప్పులు. గిరిజ జంతువుల పార్కులో చూసినవాటి కంటే పెద్దవి, మట్టిరంగు బొచ్చు, ఒక్కదానికీ కొమ్ముల్లేవు. అన్నీ ఆడవే అని జెస్ చెప్పింది. ఇప్పుడు కడుపుతో ఉన్నాయి, నవంబరు చివర్లో ఈనుతాయి.

జెస్ చేతిలో పెట్టిన గుళికల దాణా గిరిజ అరచేయి చాపి పట్టుకుంది. ఒక దుప్పి రెండడుగులు వేసి ఆగింది. మళ్లీ రెండడుగులు. తడి మూతి చేతికి తగిలేసరికి గిరిజ "అయ్యో నా తల్లీ" అంది. దాని ఊపిరి వెచ్చగా చేతి మీద పడింది. కళ్లు పెద్దవి, నల్లగా, చుట్టూ కాటుక పెట్టినట్టు.

"ఎన్నో నెల నీకు?" అని దాన్నే అడిగింది. "ఇంత చలిల ఎట్లుంటున్నవే?"

ధీరజ్ ఫోటోలు తీశాడు. ప్రణీత కంచెకు కొంచెం దూరంగా జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడి చూస్తోంది.

"నువ్వు గూడ పెట్టు రాదూ," అంది గిరిజ.

"మీరు పెట్టండి అత్తమ్మా. నేను చూస్త."

అప్పుడు వినపడింది ఆ అరుపు. కుక్క మొరుగుడూ కాదు, పసిపిల్ల ఏడుపూ కాదు, రెండూ కలిసినట్టు గొంతు చీరుకుని వచ్చిన అరుపు. దుప్పులన్నీ ఒక్కసారి తల ఎత్తి అటువైపు మూలకు పరుగెత్తాయి. గిరిజ చేతిలో దాణా మంచులో పడిపోయింది.

ముందు జెస్, వెనక ప్రణీత గుడిసె చుట్టూ తిరిగి పరుగెత్తారు. గిరిజ మోకాళ్లలోతు మంచులో కాళ్లు పీక్కుంటూ పోయింది. గుడిసె వెనక గాలికి కొట్టుకొచ్చిన మంచు కంచెకు ఆనుకుని గుట్టలా పేరుకుంది. ఆ గుట్ట మీదుగా కంచె దూకబోయిన దుప్పి ఒకటి సగంలో చిక్కుకుంది. వెనక కాలు పై రెండు తీగల మధ్య మెలిపడిపోయింది. తల కిందికి, పొట్ట తీగ మీద. అది తన్నుకున్నప్పుడల్లా ఆ కాలు ఏ జంతువు కాలూ తిరగని వైపుకి తిరుగుతోంది. మంచు మీద ఎర్రటి చుక్కలు.

"కట్టర్!" అంది ప్రణీత. జెస్ షెడ్డులోకి పరుగెత్తి తీగ కోసే కటింగ్ ప్లేయర్ తెచ్చింది. ధీరజ్, జెస్ కలిసి దుప్పి బరువు పట్టుకుంటే ప్రణీత తీగలు తెంచింది. దుప్పి మంచు మీద పడింది. లేవబోయింది, కూలింది, మళ్లీ లేవబోయింది. కళ్లు తెల్లగా తిరిగాయి.

"అత్తమ్మా, మీ శాలువ ఇయ్యండి. జల్ది!"

గిరిజ మెడ నుంచి శాలువ లాగి విసిరినట్టు ఇచ్చింది. ప్రణీత దాన్ని మడిచి దుప్పి కళ్ల మీదుగా కట్టి, మోకాలు మెడ మీద ఆనించి కూర్చుంది. చీకటి కాగానే దుప్పి తన్నుకోవడం తగ్గింది. ముక్కుల్లోంచి ఆవిరి మాత్రం గుప్పుగుప్పున వస్తోంది. ప్రణీత గ్లోవ్స్ తీసేసి కాలి వెంబడి వేళ్లతో తడుముతూ పోయింది. తొడ కింద ఆగింది. బొచ్చులోంచి తెల్లటి ఎముక కొస బయటికి వచ్చి ఉంది.

"కట్టు కడుతవా? కర్రలేమన్న తేవాల్నా?" అంది గిరిజ. కోడలు పశువుల డాక్టరు చదువు చదివిందని ఆమెకు అప్పుడు గట్టి ధైర్యంగా ఉంది. దేవుడే ఈ పిల్లను ఈ రోజు ఇక్కడికి పంపాడనుకుంది. తానే కదా బలవంతం చేసి తెచ్చింది!

ప్రణీత జెస్ వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

జెస్ వాకీటాకీలో ఫారం యజమానిని పిలిచింది. కింది లోయలో ఉన్నాడు. గరగరల మధ్య మాటలు గిరిజకు సగమే అందాయి. దారి మూసుకుపోయింది, పైకి రావడానికి గంటన్నర పైనే పడుతుంది. గుడిసెలో నేలకు బిగించిన ఇనుపపెట్టె ఉంది, నంబరు చెబుతాను. అందులో తుపాకీ ఉంది. నీకు లైసెన్సు ఉంది కదా జెస్, నువ్వు చేయగలవా?

జెస్ ముఖం పాలిపోయింది. "గురి నేర్చుకునే బోర్డు మీదే కాల్చాను, ఎప్పుడూ జంతువుని..." అంది.

ప్రణీత చేయి చాచి వాకీటాకీ తీసుకుని ఇంగ్లీషులో మాట్లాడింది. ఆమె గొంతు గిరిజకు కొత్తగా వినపడింది. ఇంట్లో "చాయ్ పెట్టాల్నా అత్తమ్మా" అని అడిగే గొంతు కాదు. తొందరా లేదు, మెత్తదనమూ లేదు.

"నా పేరు ప్రణీత. ఇండియాలో వెట్‌ని. ఇక్కడ నాలుగేళ్లుగా డీర్ ప్లాంట్‌లో మీట్ ఇన్‌స్పెక్టర్‌ని. వెనక కాలి ఎముక విరిగి బయటికొచ్చింది, బాగుపడదు. గంటన్నర దీన్ని ఇలా ఉంచడం తప్పు. లైసెన్సున్న జెస్ నా పక్కనే ఉంటుంది. నేను చేస్తాను. మీ అనుమతి కావాలి."

కాసేపు గరగర. తర్వాత "సరే. థాంక్యూ," అని వినపడింది.

గిరిజ చదువుకున్నది తెలుగు మీడియంలోనే. కానీ మీట్ అంటే మాంసం అని తెలుసు. డీర్ ప్లాంట్ అంటే ఏమిటో ఒక్క క్షణం తెలియలేదు, తర్వాత తెలిసింది, దుప్పులను కోసే ఫ్యాక్టరీ అని. వెనిసన్ అంటే వాటి మాంసమే అని కూడా తెలిసింది.

"ఏమన్నది అది?" అని కొడుకుని అడిగింది.

"అమ్మా, నువ్వు లోపలికి పా..."

"ఏమన్నదిరా?"

ధీరజ్ ముఖం చూస్తే చాలు, ఇంక చెప్పక్కర్లేదు.

జెస్ తుపాకీ తెచ్చింది. గుండు పెట్టింది. ప్రణీత దుప్పి తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని శాలువను కళ్ల వరకే ఉంచి నుదురు బయటికి తీసింది. చూపుడువేలితో ఒక కంటి నుంచి ఎదుటి చెవి మొదలు దాకా గీత గీసింది. రెండో కంటి నుంచి రెండో చెవికి ఇంకో గీత. గిరిజ ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద గీసిన బొమ్మే అది. చతుర్భుజం, రెండు కర్ణాలు, అవి ఖండించుకునే బిందువు. ప్రణీత వేలు ఆ బిందువు దగ్గర ఆగింది.

"మీరిద్దరు ఆ బండ వెనకకు పోన్రి," అంది తలెత్తకుండా.

ధీరజ్ తల్లి భుజం పట్టుకుని లాక్కుపోయాడు. గిరిజ పోయింది గానీ తల తిప్పుకోలేకపోయింది. ప్రణీత తుపాకీ తీసుకుంది. పక్కనే జెస్ నిలబడింది. ప్రణీత దుప్పితో ఏదో అంది. తెలుగులోనే అంది, ఏమందో వినపడలేదు.

చప్పుడు కొండల మధ్య మూడుసార్లు తిరిగింది.

దుప్పి కాళ్లు ఒకసారి చాచుకుని వదులయ్యాయి. ప్రణీత తుపాకీ జెస్‌కు ఇచ్చేసి, శాలువ తొలగించి, వేలితో దాని కంటిపాపను తాకి చూసింది. రెప్ప కదల్లేదు. మెడ కింద చేయి పెట్టి కొంతసేపు ఉంచింది. "అయిపోయింది," అంది. బండ పక్కన ధీరజ్ వంగి వాంతి చేసుకుంటున్నాడు. గిరిజ కోడలి చేతుల వైపే చూస్తోంది. ఆ చేతులు వణకడం లేదు. చూసినవాటన్నిటిలో అదే ఆమెకు భరించలేనిదిగా తోచింది.

జెస్ గుడిసెలో స్టవ్ వెలిగించి టీ పెట్టింది. ఏడుస్తూనే పెట్టింది. గిరిజ బెంచీ మీద కూర్చుంది. కప్పు ముందుకు తోస్తే వద్దంది.

"నీకు తెలుసునా?" అని కొడుకుని అడిగింది.

"తెలుసమ్మా."

"ఎప్పటి నుంచి?"

"పెండ్లికి ముందటి నుంచే. ఉద్యోగం అప్పుడే వచ్చింది." ధీరజ్ తల పట్టుకున్నాడు. "ప్రణీ చెప్తనన్నది. నేనే వద్దన్న. నువ్వు పెండ్లికి ఒప్పుకోవని. తర్వాత చెప్దామంటే... చెప్పే టైమే రాలే."

"నాలుగేండ్లల్ల రాలేదా?"

గిరిజ కళ్ల ముందు పోయిన నెల చేసిన సత్యనారాయణ వ్రతం కదిలింది. ఆ రోజు ప్రణీత డ్యూటీ నుంచి మధ్యాహ్నం వచ్చి, తలస్నానం చేసి, ప్రసాదం తనే కలిపింది. రవ్వ వేయించింది, జీడిపప్పు వేసింది. గిరిజ ఆ ప్రసాదం కళ్లకద్దుకుని తింది. ఎంత బాగా కుదిరిందో అని మెచ్చుకుంది.

తలుపు తీసుకుని ప్రణీత లోపలికి వచ్చింది. మంచుతో చేతులు రుద్దుకుని వచ్చినట్టుంది, ఎర్రబడి ఉన్నాయి. తలుపు దగ్గరే ఆగిపోయింది.

"ఎన్నింటిని చంపినవ్ ఇప్పటిదాక?" అని అడిగింది గిరిజ. తన గొంతు తనకే అరుపులా వినపడింది.

"ఒక్కదాన్ని అత్తమ్మా." ప్రణీత ఆమె కళ్లలోకే చూసింది. "ఇప్పుడే. నేను చంపను. నా దగ్గరికి వచ్చేటప్పటికే చచ్చిపోయి వస్తయి. రోగం ఉన్నదా లేదా చూసుడే నా పని. బతికున్నదాన్ని చంపుడు ఇయ్యాలనే మొదటిసారి."

జెస్ ఇచ్చిన కప్పు అందుకుంది. కప్పు పెదవుల దాకా రాలేదు. టీ అంతా చేతి మీద ఒలికింది. అప్పుడు వణికాయి చేతులు, మోచేతుల దాకా. ఆమె కప్పును నేల మీద పెట్టి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ధీరజ్ లేచి ఆమె పక్కకు పోయాడు. గిరిజ లేవలేదు. లేవాలని ఒక క్షణం అనిపించింది, కానీ ఒళ్లు కదల్లేదు.

దిగేటప్పుడు మబ్బు పట్టింది. జెస్ నెమ్మదిగా నడిపింది. గిరిజకు కొండ కనపడలేదు, మంచు కనపడలేదు. వేలు గీసిన రెండు గీతలే కనపడుతున్నాయి. కారులో మూడు గంటలు ఎవరూ మాట్లాడలేదు. దారిలో పెట్రోలు బంకు దగ్గర ప్రణీత నీళ్ల సీసా కొని తెచ్చి వెనక సీటులో అత్తగారి పక్కన పెట్టింది. గిరిజ తాగలేదు.

ఆ రోజు నుంచి గిరిజ తన గదిలోనే చిన్న రైస్ కుక్కర్ పెట్టుకుని వండుకుంది. అన్నం, పెరుగు, ఊరి నుంచి తెచ్చిన మామిడికాయ తొక్కు. కోడలు చేసినది ముట్టలేదు. తిరుగు టికెట్ ముందుకు జరపమని కొడుకుని అడిగింది. అతను చూస్తానని రెండు రోజులు గడిపాడు. ప్రణీత ఒక్కసారి కూడా బతిమాలలేదు. తప్పయిందని ఒక్కసారే అంది, ఆదివారం పొద్దున: "అబద్ధం చెప్పుడు తప్పే అత్తమ్మా. దానికి మీరు ఎంతన్నా తిట్టండి." అబద్ధానికి తప్పంది. పనికి తప్పనలేదు. ఆ తేడా గిరిజకు అప్పుడే తెలిసింది, అందుకు ఇంకా కోపం వచ్చింది.

బుధవారం సాయంత్రం ప్రణీత డ్యూటీ నుంచి వచ్చేసరికి గిరిజ వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.

"కూసో," అంది. "నువ్వు అక్కడ ఏం చేస్తవో మొత్తం చెప్పు. ఏదీ దాయకు."

ప్రణీత బ్యాగు దించి కూర్చుంది. చెప్పింది. పొద్దున ఆరింటికి మొదలవుతుంది. తెల్ల గౌను, గమ్ బూట్లు, ఒక చేతికి ఇనుప తీగలతో అల్లిన గ్లోవ్. కొక్కేలకు వేలాడుతూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. తల, ఊపిరితిత్తులు, కాలేయం, గ్రంథులు. కోసి చూడాల్సినవి కోసి చూస్తుంది, తడిమి చూడాల్సినవి తడుముతుంది. క్షయ ఉంటే పట్టుకోవాలి. పట్టుకోకపోతే తిన్న మనుషులకీ, ఆ ఫారంలో మిగిలిన మందకీ ప్రమాదం. దెబ్బలు కనపడితే రాసి పంపాలి. లారీలో సరిగా తేలేదనో, ఫారంలో కొట్టారనో అలాగే బయటపడుతుంది. పోయినేడు ఒక లారీవాడి మీద అట్లనే రాసి పంపిందట.

గిరిజ మధ్యలో రెండుసార్లు కళ్లు మూసుకుంది. లేచిపోలేదు.

"డాక్టరు పరీక్ష రాస్తే ఇక్కడ గూడ పశువుల దవాఖాన పెట్టుకోవచ్చునట కదా. ధీరజ్ చెప్పిండు. ఆ పరీక్ష రాయి. నేను టికెట్ ఆపుకుంట. వంట నేను చేస్త, నువ్వు చదువుకో. ఈ పని విడిచిపెట్టు."

చాలాసేపు ఆలోచించుకుని అన్న మాట అది. కోడలు ఏడుస్తుందనీ, నాకు మాత్రం ఇష్టమా అత్తమ్మా, గతిలేక చేస్తున్నా అంటుందనీ అనుకుంది. అలా అంటే క్షమించడం సులువు.

"ఈ పని నాకు నచ్చుతది అత్తమ్మా," అంది ప్రణీత.

తను సరిగానే విన్నదా అని గిరిజకు అనుమానం వచ్చింది. "ఏమన్నవ్?"

"మొదట్ల గతిలేకనే చేరిన. ఇప్పుడు నచ్చుతది. మంచిగ చేస్త. నేను సరే అంటేనే అది బయటికి పోతది. నేను వద్దంటే ఎవ్వరు పంపలేరు. తినేటోళ్లు ఎట్లైనా తింటరు. ఎవరో ఒకరు సరిగ చూడాలె కదా." బ్యాగు పక్కకు జరిపింది. "మీకిచ్చిన మాట మాత్రం తప్పలే. ఒక్క ముక్క తినలే."

పొద్దంతా మాంసం మధ్య నిలబడి, ఇంటికొచ్చి పప్పుచారు తినే ఈ మనిషి ఎవరో తనకు తెలియదని గిరిజకు అనిపించింది. తనకు తెలిసిన కోడలు కాదు. కానీ ఎదురుగా కూర్చున్నదీ, నాలుగు రోజులుగా నిద్రలేక కళ్ల కింద నల్లబడ్డదీ ఆమే.

"ఆ దుప్పితో ఏమన్నవ్? తుపాకీ పట్టుకున్నప్పుడు?" అని అడిగింది చివరికి.

"అయిపోతది, ఇగ అయిపోతది అన్న. దానికి తెలుగు రాదు గని, నా నోటికి అదే వచ్చింది."

"దానికి తెలిసిందా?"

"నొప్పి తెల్వదు అత్తమ్మా. చప్పుడు గూడ వినపడదు. చప్పుడు చెవిదాక వచ్చేలోపలనే పోతది. అది నిజం. దీంట్ల నేను అబద్ధం చెప్పను."

గిరిజ బల్ల మీది గీతలను వేలితో తడిమింది.

"నాకు ఇది ఇంకా దిగుత లేదు ప్రణీతా," అంది. "నీ చేతి అన్నం ఇప్పుడే తినుమంటే తినలేను. తింటనో లేదో గూడ తెల్వదు. తిన్నప్పుడు తింట. అప్పటిదాక అడగకు. కని మల్ల ఒక్క అబద్ధం చెప్తే మాత్రం నేను ఈ ఇంట్ల ఉండ."

"చెప్పను."

"వాడు చెప్పుమన్నా చెప్పకు."

"వాడు చెప్పుమన్నా చెప్పను," అంది ప్రణీత. ధీరజ్ తలుపు దగ్గరే నిలబడి విన్నాడు. ఇద్దరిలో ఒక్కరూ అతని వైపు చూడలేదు.

మర్నాడు పొద్దున గిరిజకు చెల్లెలు ఫోన్ చేసింది. కరీంనగర్‌లో ఉంటుంది, పేరు సరోజ. అక్క పంపిన దుప్పి ఫోటో చుట్టాలందరికీ పంపానంది. ఎంత ముద్దుగ ఉన్నదో అంది. ఇంకేం చూసినవ్, కోడలు మంచిగ చూసుకుంటున్నదా, దాని ఆఫీసుకు గూడ తీస్కపోయిందా అని అడిగింది.

గిరిజ వంటింటి కిటికీలోంచి బయటికి చూసింది. ప్రణీత కారు వాకిట్లో లేదు, చీకటితోనే పోయింది. ఎప్పటిలాగే ఫుడ్ సేఫ్టీ ఆఫీసు అని చెప్పేస్తే ఒక్క నిమిషంలో అయిపోతుంది. నాలుగేళ్లుగా తనే ఆ మాట అందరికీ చెబుతోంది.

"సరోజా," అంది. "మా ప్రణీత ఆఫీసుల కాదే పనిచేసేది. మాంసం ఫ్యాక్టరీల. దుప్పులను కోసినంక మంచిగున్నయా లేవా అని చూసే ఇన్‌స్పెక్టరు."

అటువైపు నుంచి ఏ శబ్దమూ రాలేదు. గిరిజ ఫోను చెవి నుంచి తీసి చూసింది. లైను ఉంది.

"విన్నవా?"

"విన్న అక్కా," అంది సరోజ. "నువ్వేమన్నవ్ మరి?"

"నేను గూడ నీ లెక్కనే," అంది గిరిజ. "అబద్ధమాడొద్దన్న. మిగిలింది ఇంకా తేల్చుకోలే."